జ్యూస్ వేషాల్లో ప్రేమ ఎక్కడుంది?

నిద్రపట్టనివాడు:
నెల రోజులుగా రాత్రిళ్లు గ్రీకు పురాణాలు చదువుతున్నాను. దేవుళ్ల రాజు జ్యూస్ వ్యవహారం చూస్తే చిరాకేస్తోంది. ఆడవాళ్ల కోసం వేషాలు మారుస్తాడు: యూరోపా కోసం ఎద్దు, లీడా కోసం హంస, డానయీ కోసమైతే ఏకంగా బంగారు వాన! ప్రేమ వల్లే ఆ దేవుళ్లు మనుషుల్లా అనిపిస్తారని అందరూ అంటారు. నాకు ఇందులో ప్రేమా కనిపించలేదు, మనిషీ కనిపించలేదు. నేను చదివే కథలే తప్పా?

ఇత్తడిచెంబు:
గ్రీకు కవి హోమర్ కావ్యం ఒడిస్సీ 8వ భాగం చదవండి. కమ్మరి దేవుడు హెఫెస్టస్ భార్య, ప్రేమదేవత ఆఫ్రొడైటీ, యుద్ధదేవుడు ఆరిస్‌తో ఉండగా దొరుకుతుంది. కంటికి కనిపించనంత సన్నటి గొలుసులతో హెఫెస్టస్ మంచానికి వల పన్ని మరీ పట్టుకుంటాడు. పట్టుకుని పిడుగులేమైనా కురిపిస్తాడా? లేదు. గుమ్మంలో నిలబడి దేవుళ్లందర్నీ కేకేసి పంచాయితీ పెడతాడు, మామగారికి తానిచ్చిన కన్యాశుల్కం వాపసు ఇమ్మంటాడు. ఆడదేవతలు సిగ్గుపడి ఇళ్లలోనే ఉండిపోతారు, మగవాళ్లు మాత్రం వచ్చి పగలబడి నవ్వుతారు. ఆ గోలలో అతనన్న మాట ఒకటుంది: నేను కుంటివాణ్ణనే కదా ఈ చులకన, తప్పు నన్ను కన్నవాళ్లది, అసలు కనకుండా ఉండాల్సింది అని. అక్కడ నాకు నవ్వు ఆగిపోయింది.

నిమ్మతోట:
నన్ను పట్టుకున్నది ఈయస్ కథ. ఉషోదయ దేవత. టిథోనస్ అనే ట్రాయ్ రాకుమారుణ్ణి ఇష్టపడి, ఇతనికి చావు లేకుండా చెయ్యమని జ్యూస్‌ని అడిగింది. ఆయన సరేనన్నాడు. యవ్వనం కూడా అడగాలని ఆవిడకి తోచలేదు. తలలో, గడ్డంలో మొదటి తెల్ల వెంట్రుకలు కనిపించగానే అతని పక్కకి వెళ్లడం మానేసింది. అయినా మనుషుల తిండీ అమృతమూ రెండూ పెట్టింది, మంచి బట్టలు కట్టబెట్టింది. కాళ్లూ చేతులూ కదలని రోజు వచ్చాక ఒక గదిలో పెట్టి తలుపులు మూసేసింది. లోపల్నుంచి గొంతు మాత్రం ఆగకుండా వస్తూనే ఉంటుంది.

మా తాతయ్య చివరి రెండేళ్లూ మంచంలోనే ఉన్నారు. అమ్మ అన్నం మెత్తగా పిసికి పెట్టి, ఉతికిన పంచె కట్టి, బయటికొచ్చి తలుపు దగ్గరికి లాగేది. వంటింట్లో కుక్కర్ కూతల మధ్య కూడా ఆయన మాటలు వినపడేవి, ఎప్పుడో అమ్మేసిన ఎడ్ల గురించి. అందుకని ఈయస్‌ని తిట్టాలంటే నాకు నోరు రాదు.

ఈ కథ ఎవరు చెబుతారో తెలుసా? హోమర్ పేరు మీద ఉన్న స్తోత్రంలో ఆఫ్రొడైటీయే చెబుతుంది, తాను మనసుపడిన అంకైసిస్ అనే మనిషికి. నువ్వూ అలా బతకడం నాకు వద్దు, ముసలితనం నీ మీదకి త్వరలోనే వస్తుంది అని. ప్రేమదేవతకే భయం!

పాతసైకిల్:
జ్యూస్‌ని పూర్తిగా కొట్టేయకండి. హోమర్‌దే ఇంకో కావ్యం ఇలియడ్ 16వ భాగంలో అతని కొడుకు సార్పిడాన్ ట్రాయ్ యుద్ధంలో చావబోతాడు. తప్పించాలని తండ్రి కొట్టుకుంటాడు. నువ్వు నీ కొడుకుని కాపాడుకుంటే రేపు మిగతా దేవుళ్లూ తమ పిల్లల్ని కాపాడుకుంటామంటారు, అంటుంది జ్యూస్ భార్య హీరా. ఎదురు చెప్పలేకపోతాడు. ఆ కొడుకు కోసం నేల మీద నెత్తుటి వాన కురిపిస్తాడు, అంతే.

నిద్రపట్టనివాడు:
బంగారు వానని వెక్కిరించాను గానీ, ఈ వాన సంగతి తెలీదండి. ఇవాళ రాత్రికి 16వ భాగమే. @నిమ్మతోట గారూ, మీ తాతయ్య ఎడ్ల పేర్లేంటి?

నిమ్మతోట:
రాముడు, భీముడు. రోజూ వినేవాళ్లం కదా.