మిలట్రీ వాళ్ల మెడల్స్, ట్రంకు పెట్టెలు: మా ఊరి మ్యూజియం గదిలో ఎలా పెట్టాలి?

గంటస్తంభం అడిగారు:

అందరికీ నమస్కారం. చీపురుపల్లి వైపు మా ఊళ్లో గ్రంథాలయాన్ని ఆనుకుని 12 అడుగులకు 16 అడుగుల గది ఖాళీగా ఉంది. చుట్టుపక్కల ఊళ్ల మాజీ సైనికుల గుర్తుగా దాన్ని చిన్న మ్యూజియం చేయాలని ఊరంతా అనుకున్నారు. ఇప్పటికి 11 కుటుంబాలు వస్తువులు ఇస్తామన్నాయి: నాలుగు వరసల మెడల్స్, రెండు ఉన్ని కోట్లు, తోలు బెల్టులు, ఉత్తరాలు, ఫొటోలు, తెల్ల రంగుతో పేరూ నంబరూ రాసిన నల్ల ట్రంకు పెట్టె. వీటితోపాటు ఒక ఖుక్రీ (గూర్ఖాల వంకర కత్తి), ఒక ఇత్తడి ఫిరంగి తూటా గొట్టం కూడా ఉన్నాయి.

మెడల్స్ కొన్ని నల్లబడ్డాయి, రెండింటి మీద పచ్చగా చిలుము పట్టింది. ఇత్తడి తోమే బ్రాసో పాలిష్ పెట్టి తోమి మెరిసేలా చేసి పెడదామని కుర్రాళ్లు అంటున్నారు. తోమొచ్చా? గోడ మీద గ్రానైట్ పలక పెట్టి పేర్లు చెక్కించాలనీ ఉంది. ఎవరి పేర్లు, ఏ వరసలో రాయాలి? బొబ్బిలి యుద్ధం నాటిదని ఒక కత్తి ఇస్తామంటున్నారు, తీసుకోవాలా? జనవరి 14న తెరవాలని కోరిక.

వంశధార రాశారు:

బ్రాసో వద్దు. ఈ ఒక్క మాట కుర్రాళ్లకు ఈరోజే చెప్పండి, మిగతావి నిదానంగా చూసుకోవచ్చు.

కారణం మెడల్ అంచులో ఉంది. మెడల్‌ను నిలువుగా పట్టుకుని టార్చిలైటు పక్కనుంచి ఏటవాలుగా వేసి, 10 రెట్ల భూతద్దంతో అంచు చుట్టూ చూడండి. సర్వీసు నంబరు, హోదా, పేరు, యూనిట్ సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్ మీదా, స్వతంత్ర భారతం ఇచ్చిన చాలా మెడల్స్ మీదా ఇవి ఉంటాయి. పాలిష్ అంటే మెత్తటి రాపిడి పొడి. తోమిన ప్రతిసారీ లోహం కొంచెం అరిగి ముందు ఆ అక్షరాలే పోతాయి. పేరు అరిగిపోయిన మెడల్ ఎవరిదో చెప్పడానికి ఇంకేం మిగలదు. పాలిష్ తెల్లటి మడ్డిగా గీతల్లో ఇరుక్కుని, తడి తగిలినప్పుడల్లా లోహాన్ని తింటుంది కూడా.

నలుపు వేరు, పచ్చ వేరు. వెండి మెడల్ నల్లబడటం గాలిలోని గంధకం వల్ల. దానివల్ల ప్రమాదం లేదు, వదిలేయండి. పచ్చలో మళ్లీ రెండు రకాలు. మైనంలా జిగురుగా ఉంటే అది తోలు కొవ్వు వల్లో, పీవీసీ కవర్ వల్లో వచ్చింది. వెదురు పుల్లతో మెల్లగా తీసి, దూదిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిండి, లోహం మీద మాత్రమే తుడవండి. రిబ్బన్‌కూ ఎనామిల్ రంగుకూ అది తగలకూడదు. అలాకాక లేత పచ్చటి పొడి రాలుతూ, కింద చిన్న గుంటలు పడుతుంటే అది ఉప్పు పట్టిన కంచు. సముద్రపు గాలి తగిలే మన జిల్లాల్లో ఇది ఎక్కువ. దాన్ని విడిగా, సిలికా జెల్ వేసిన గట్టిమూత డబ్బాలో పెట్టి, లోహ సంరక్షణ తెలిసినవారికి చూపించండి. మీరుగా గీకొద్దు.

రిబ్బన్ చిరిగినా పాతదే ఉంచండి. మెడల్స్ వరస మార్చొద్దు. చూసేవాళ్ల ఎడమ వైపున ఉన్నదే వరసలో ముందుది. అందంగా కనబడుతుందని ముందు వెనకలు చేస్తే తెలిసినవాళ్లకు ఇట్టే దొరికిపోతుంది.

పెట్టెకు కొత్త ప్లైవుడ్, ఎండీఎఫ్ వాడొద్దు. వాటి ఆమ్లపు ఆవిరి మూసిన పెట్టెలో నిలిచి లోహాన్ని పాడు చేస్తుంది. అల్యూమినియం చట్రం, గాజు మేలు. అడుగున పరిచే గుడ్డ నూలుదై ఉండాలి, గంజి పోయేదాకా రెండుసార్లు ఉతికి ఆరేయాలి, లేకపోతే గంజి కోసం పురుగు చేరుతుంది. సిలికా జెల్ ఘనపు అడుగుకు అర కిలో లెక్క. 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అర అడుగు లోతు పెట్టె అయితే 3 ఘనపు అడుగులు, అంటే కిలోన్నర. నీలం రకంలో ఒంటికి మంచిది కాని కోబాల్ట్ ఉంటుంది, నారింజ రకం కొనండి. ఆకుపచ్చకు తిరిగితే 110 నుంచి 120 డిగ్రీల ఓవెన్‌లో మూడు గంటలు ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు. పెట్టెలో చిన్న డిజిటల్ తేమ మీటర్ పెట్టండి. 65 శాతం దాటి నిలిస్తే బూజు ఖాయం. మెడల్స్‌కు 40 లోపు, బట్టలకూ కాగితాలకూ 45 నుంచి 55 మధ్య ఉంటే నిశ్చింత. బట్టలకూ కాగితాలకూ మరీ పొడిగాలి మంచిది కాదు, అందుకే వాటిని మెడల్స్ పెట్టెలో కలపొద్దు.

ఉన్ని కోట్ల జేబుల్లో, కాలరు కింద పురుగు ఉండే అవకాశం ఎక్కువ. పురుగు పోతుందని వేపాకు వేయకండి, అది ఎండి పొడై కోటులో ఇరుక్కుంటుంది. మెడల్స్ ఉంటే తీసేసి, కోటును మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి గాలి నొక్కేసి అంటించి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. కిరాణా కొట్టు ఐస్‌క్రీం ఫ్రీజర్ చాలు. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకండి. ముందే విప్పితే నీటి బొట్లు నేరుగా ఉన్ని మీదే పేరుకుంటాయి.

చంపావతి రాశారు:

వస్తువుల సంగతి వంశధార గారు చెప్పారు. నేను పేర్ల గురించి చెబుతాను, ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే.

మన జిల్లాల్లో అప్పలనాయుడు, సింహాచలం, అప్పలస్వామి అనే పేర్లు ఊరికి పదేసి ఉంటాయి. కాబట్టి ప్రతి మనిషికీ ఇంటిపేరు పూర్తిగా, తండ్రి పేరు, ఊరు, సర్వీసు నంబరు, యూనిట్ రాసుకోండి. నంబరు ముందు జేసీ అని ఉంటే ఆయన జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్, అంటే నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్‌లలో ఒకరు. కుటుంబం "కెప్టెన్‌గా రిటైరయ్యారు" అంటే డిశ్చార్జి బుక్ (సర్వీసు ముగిశాక సైన్యం ఇచ్చే పుస్తకం) అడగండి. ఆనరరీ కెప్టెన్ అయితే అలాగే రాయాలి. అందులో చిన్నతనం ఏమీ లేదు, సిపాయిగా చేరి ఆ హోదా అందుకోవడం చాలా గొప్ప సంగతి.

డిశ్చార్జి బుక్ లేకపోతే రికార్డ్స్ ఆఫీసుకు రాయాలి. మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్, మద్రాస్ శాపర్స్‌కు (ఇంజినీర్ల దళం) బెంగళూరు, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, ఈఎంఈకి (యంత్రాలు, వాహనాలు బాగుచేసే విభాగం) సికింద్రాబాద్. నేరుగా కంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే దారి సులువు. ఆ సైనికుడి, లేదా ఆయన వారసుల సంతకం ఉన్న అంగీకార పత్రం జతచేయండి.

ప్రపంచ యుద్ధాల్లో పోయినవాళ్ల కోసం కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితా వెతకండి. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 వరకు ఉన్న మరణాలు అందులో ఉంటాయి. చాలామంది వెతికి దొరకలేదని వదిలేస్తారు, ఎందుకంటే విజయనగరం జిల్లా అని వెతుకుతారు. మన జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న. అంతకుముందు చీపురుపల్లి వైపు వాళ్లంతా "వైజాగపటం" జిల్లా కిందే ఉంటారు. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట వైపు అయితే 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా గంజాం జిల్లా. శ్రీకాకుళం పేరు కూడా "చికకోల్" అని ఉంటుంది. అప్పలస్వామి పేరు ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా పడింది, మొదటి నాలుగు అక్షరాలతోనే వెతకండి. బర్మా యుద్ధంలో పోయి, సమాధి లేనివాళ్ల పేర్లు యాంగోన్ దగ్గర తౌక్యాన్‌లోని రంగూన్ స్మారకం మీద ఉన్నాయి. దాదాపు 27 వేల పేర్లు.

1947 తర్వాత అమరులైనవారి పేర్లు ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం మీద ఉంటాయి. సర్వీసులో ఉండగా జబ్బుతోనో రోడ్డు ప్రమాదంలోనో పోయినవారి లెక్క వేరు. సైన్యం ఈ రెంటినీ బ్యాటిల్ క్యాజువాల్టీ, ఫిజికల్ క్యాజువాల్టీ అని విడదీస్తుంది. మీ పలక మీద "యుద్ధంలో అమరులు", "సర్వీసులో మరణించినవారు" అని రెండు శీర్షికలు పెట్టండి. ఒకే శీర్షిక కింద వేస్తే, ఎప్పుడో ఒకరోజు ఊళ్లో ఎవరో ఒకరు, జబ్బుతో పోయినవాడి తల్లిని "మీవాడు యుద్ధంలో పోలేదు కదా" అని ముఖం మీదే అడుగుతారు.

గంటస్తంభం రాశారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. బ్రాసో డబ్బా పక్కన పెట్టించాను. పలకకు టెక్కలి నీలి గ్రానైట్ అనుకుంటున్నాం, అక్షరాలు అర అంగుళం. సరిపోతాయా? కత్తి, ఖుక్రీ, గొట్టం సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

కోట బురుజు రాశారు:

అర అంగుళం చాలదు. ఇంగ్లీషుకు సరిపోతుంది గానీ తెలుగులో వత్తులు మూసుకుపోతాయి. "కృష్ణ"లో ణ వత్తు, "స్వామి"లో వ వత్తు రంగు నింపగానే చుక్కల్లా మిగులుతాయి. అక్షరం ఎత్తు కనీసం 25 మిల్లీమీటర్లు, వత్తుకు కింద చోటు వేరుగా, లోతు 2 నుంచి 3 మిల్లీమీటర్లు. టెక్కలి నీలం అందమైన రాయే, కానీ దాని మచ్చల్లో సన్న గీతలు కలిసిపోతాయి. పీఠానికి అది వాడి, పేర్లకు ఒకే రంగు నల్లరాయి తీసుకోండి. చెక్కే ముందు అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి, ప్రతి కుటుంబం చేత చదివించి సంతకం పెట్టించండి. రాతి మీద తప్పు పడితే పలక మార్చడం తప్ప దారి లేదు. వరస హోదాను బట్టి వద్దు, ఊరి వారీగా, మరణించిన సంవత్సరం ప్రకారం వేయండి. మూడో వంతు ఖాళీ వదలండి. బతికి ఉన్న సైనికుల పేర్లు రాతి మీద వద్దు, వాళ్లకు విడిగా బోర్డు పెట్టండి.

ఇత్తడి గొట్టం అడుగున మధ్యలో ప్రైమర్ (లోపలి మందును అంటించే చిన్న బిళ్ల) ఉంటుంది. దాని మీద సూది గుంట పడి ఉంటే పేలినదని గుర్తు. అయినా మీరే తేల్చుకోవద్దు, పోలీసుల బాంబ్ డిస్పోజల్ వాళ్లు చూసి కాగితం ఇచ్చాకే గదిలో పెట్టండి. గొట్టానికి ముందు గుండు బిగించి ఉంటే కదపకుండా బయటికొచ్చి 112కి ఫోన్ చేయండి. ఖుక్రీ, కత్తి తీసుకునే ముందు ఆయుధాల చట్టం కింద జిల్లా పోలీసు కార్యాలయం నుంచి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోండి.

బొబ్బిలి కత్తి మాత్రం వద్దండి. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. ఆ రోజు నుంచి ఈ కత్తి ఎవరి చేతులు మారిందో చెప్పే కాగితం లేకపోతే, దాని పక్కనున్న నిజమైన మెడల్స్‌ను కూడా జనం అనుమానిస్తారు. బొబ్బిలి యుద్ధానికీ, విజయనగరం రాజు చిన విజయరామరాజు నేలకొరిగిన 1794 జూలై 10 నాటి పద్మనాభ యుద్ధానికీ గుమ్మం దగ్గర ఒక్క పటం చాలు. గది ఈ 11 కుటుంబాలది.

వెలుతురు మరిచిపోవద్దు. రిబ్బన్లకు, ఉన్నికి 50 లక్స్ (వెలుతురు కొలత) మించకూడదు. కిటికీ ఎండ పడితే ఒకే వేసవిలో ఎరుపు వెలిసిపోతుంది. ఫొటోలు, ఉత్తరాలు 600 డీపీఐలో స్కాన్ చేసి ప్రింట్లు గోడకు పెట్టండి, అసలువి బీరువాలో ఉంచండి. లామినేషన్ మాత్రం చేయించొద్దు, వేడికి అంటుకున్న ప్లాస్టిక్ మళ్లీ రాదు. గాజుకు అతుక్కున్న పాత ఫొటో ఉంటే లాగకండి, గాజు మీదనుంచే స్కాన్ చేయండి. పింఛను కాగితాల్లో బ్యాంకు ఖాతా, పీపీఓ (పింఛను ఆర్డరు) నంబర్లు ఉంటాయి, అవి బయట పెట్టొద్దు.

చంపావతి రాశారు:

తేదీ గురించి ఒక్క మాట. జనవరి 14 మాజీ సైనికుల దినం, 1953లో మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి కరియప్ప గారు పదవీ విరమణ చేసిన రోజు. మంచి ఎంపికే, పండక్కి అందరూ ఊళ్లోనే ఉంటారు కూడా. కానీ సేకరణ భోగికి వారం ముందే ముగించండి. ఇల్లు దులిపి పాత కాగితాలు, విరిగిన చెక్క పెట్టెలు మంటలో వేసే రోజులవి. తాతగారి డిశ్చార్జి బుక్ అలాంటి పాత కాగితాల కట్టలోనే ఉంటుంది. జనవరి మొదటి వారంలో ఊరి కుర్రాళ్లనో, స్కూలు పిల్లలనో ఇంటింటికీ పంపి "మిలట్రీ కాగితం ఏదున్నా మంటలో వేయకండి" అని చెప్పించండి.

తీసుకున్న ప్రతి వస్తువుకూ రెండు ప్రతుల రసీదు రాయండి: ఇచ్చింది దానమా, అప్పా, అప్పయితే ఎన్నేళ్లకు. దాని మీదే వస్తువు ఫొటో, ఉన్న దెబ్బలు, చిలుము రాసి ఇద్దరూ సంతకం చేయాలి. నంబరును వస్తువు మీద రాయొద్దు, నూలు టేపు మీద రాసి కట్టండి. ట్రంకు పెట్టె మీది తెల్ల అక్షరాలు వెలిసినా కొత్త రంగు వేయించకండి. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, మూత తెరిచి లోపలి వైపు కూడా చూడండి. పోస్టింగ్ మారినప్పుడల్లా ఊరి పేర్లు అక్కడ పెన్సిల్‌తో రాసుకుని ఉంటారు. ముట్టుకోకుండా ముందు వాటిని ఫొటో తీయండి.