హిడెన్ లవ్ సగం చూశాను, మిగతా సగం కూడా ఇంత బాగుంటుందా?

ప్రశ్న:
చైనీస్ డ్రామాలు నాకు కొత్త. అందరూ చెబుతుంటే హిడెన్ లవ్ మొదలుపెట్టాను, మొత్తం 25 ఎపిసోడ్లలో సగం దాకా వచ్చాను. సాంగ్ జీ స్కూల్లో ఉన్నప్పటి నుంచే అన్నయ్య రూమ్మేట్ దువాన్ జియాషును మనసులో పెట్టుకుని, ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోతుంది చూడండి, ఆ భాగం నన్ను కదలనివ్వలేదు. ఇంట్లో చెప్పకుండా అతనుండే ఊరికి విమానమెక్కి వెళ్లి, అతని పక్కన ఇంకొకామెను చూసి కూలిపోయే ఘట్టంలో నేనూ ఏడ్చేశాను. కానీ అంత చిన్న వయసులో మొదలైన దాన్ని ప్రేమకథగా చూడటం ఎక్కడో ఇబ్బందిగా ఉంది. పైగా ఇప్పుడు ఇద్దరూ దగ్గరవుతున్నారు, ఇక కథలో ఏం మిగిలింది? పూర్తిగా చూసినవాళ్లు చెప్పండి, కథ బయటపెట్టినా ఫర్వాలేదు.

జవాబు:
వయసు సంగతి ముందు చెప్తాను. ఇద్దరికీ దాదాపు ఐదేళ్ల తేడా, అది పెద్ద తేడా కాదు, తేడా ఎప్పుడు కనబడుతుందన్నదే సమస్య. కథలో ఆ జాగ్రత్త తీసుకున్నారనే అంటాను. స్కూల్ రోజుల్లో ఇష్టం మొత్తం ఆమె వైపు నుంచే, అతనికి ఆమె స్నేహితుడి చెల్లెలు. టీచర్ ఇంట్లో పెద్దవాళ్లను తీసుకురమ్మంటే అన్నయ్యలా నటించడానికి వెళ్తాడే, అప్పుడు కూడా అతని కళ్లలో పిల్లని ఆటపట్టించే సరదా తప్ప ఇంకేమీ ఉండదు. మధ్యలో కొన్నేళ్లు దూరమై, ఆమె యూనివర్సిటీలో చేరాకే అతని మనసు మారుతుంది. ఆ దూరం లేకపోతే నేనైతే అక్కడే ఆపేసేదాన్ని.

మరి మీకెందుకు ఇబ్బంది అనిపిస్తోందంటే, తప్పు కథలో కాదు, తీసిన తీరులో ఉంది. సాంగ్ జీగా చేసిన జావ్ లూసీ పుట్టింది 1998లో, డ్రామా వచ్చింది 2023లో. స్కూలు పిల్లగా వేసిందీ తనే. బాగా చేసింది, మూతి ముడుచుకోవడం, మాట మధ్యలో మింగేయడం అన్నీ కుదిరాయి, కాదనను. కానీ అదే ముఖం, వెనక అదే తీయటి సంగీతం వస్తుంటే మన మనసు వాళ్లను అప్పుడే జంటగా చూసేస్తుంది. ఆ భాగానికి నిజంగా చిన్న వయసు అమ్మాయిని పెట్టి ఉంటే ఎవరు పిల్ల, ఎవరు పెద్ద అన్నది మనకు క్షణక్షణం గుర్తుండేది, తర్వాతి ప్రేమకు బలం కూడా వచ్చేది.

జవాబు:
పై జవాబుతో ఒప్పుకుంటాను, కానీ నాకు అంతకంటే పెద్ద లోపం రెండో సగంలో కనబడింది. జియాషు తండ్రి తాగి కారు నడిపి ఒకరి చావుకు కారణమవుతాడు, ఆ తర్వాత తనే స్పృహ లేకుండా ఆస్పత్రి పాలవుతాడు. కొడుకు చదువుకునే వయసు నుంచే ఆ భారమంతా మోస్తాడు. సాంగ్ జీని ఇష్టపడుతున్నానని తెలిశాక కూడా వెనక్కి తగ్గేది అందుకే, నా బతుకులోకి ఈ పిల్లని ఎలా లాగను అని. ఎంత బలమైన విషయం! దాన్ని నాలుగు మాటల్లో తేల్చేసి, చనిపోయిన మనిషి కూతురు జియాంగ్ యింగ్‌ను వెంటపడి వేధించే మనిషిగా మార్చేశారు. తండ్రిని పోగొట్టుకున్న ఆడపిల్ల ఆమె. ఆమె కోపానికి ఒక్క సీను నిజాయితీగా ఇవ్వలేదు, జంట మీదికి గొడవ తేవాలి కాబట్టి తెచ్చారంతే. ఆమె వచ్చినప్పుడల్లా నాకు చిరాకు ఆమె మీద కాదు, రాసినవాళ్ల మీద వచ్చింది.

మిగతాదంతా ముద్దుమాటలు, అన్నయ్య సాంగ్ యాన్ విసుర్లు. ఆ అన్నాచెల్లెళ్ల గొడవలు మాత్రం ఎంతసేపైనా చూడొచ్చు. ఒకరినొకరు తిట్టుకుంటూనే చెల్లి ఎక్కడ ఇబ్బందిలో ఉంటే అక్కడికి వచ్చేస్తాడు.

జవాబు:
రెండో సగంలో ఏమీ జరగదని చాలామంది అంటారు. నాకు అది లోపం కాదు. ఇన్నేళ్లు ఆ అమ్మాయి అతని వెనక నడిచింది, ఇప్పుడు అతను ఆమె వెంటపడాలి, ఆమె నమ్మాలి. ఆ నమ్మకం రావడానికి టైమ్ పడుతుంది కదా. అతను తన ఇష్టాన్ని తిన్నగా చెప్పేస్తుంటే, ఇది నన్ను పిల్లని చేసి ఆడించడమేనేమో అని ఆమె అనుమానపడే సన్నివేశాలు నిదానంగానే రావాలి. అక్కడ జియాషుగా చేసిన చెన్ జెయువాన్ కూడా ఎక్కడా అతిగా చేయకుండా నెమ్మదిగా చేశాడు. పైగా అపార్థంతో పది ఎపిసోడ్లు విడిపోవడం ఇందులో లేదు, అనుమానం వస్తే అడిగేస్తారు, మాట్లాడుకుంటారు. ఈ రకం డ్రామాల్లో అది నాకు నిజంగా ఊరట.

సాగదీత అంటారా, 2017లో వచ్చిన ఇంకో చైనీస్ డ్రామా ఎటర్నల్ లవ్ 58 ఎపిసోడ్లు. 2020లో చైనా ప్రసార నియంత్రణ సంస్థ డ్రామాలు 40 ఎపిసోడ్లు దాటొద్దని, 30 లోపైతే మంచిదని చెప్పింది. ఇది 25తో అయిపోతుంది, కాబట్టి పూర్తి చేసేయండి. జియాంగ్ యింగ్ విషయంలో మాత్రం పై జవాబుకు నా దగ్గర సమాధానం లేదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్. అయితే పూర్తి చేస్తాను. ఆ అన్నయ్య కథ విడిగా ఉందని విన్నాను, నిజమేనా?

జవాబు:
ఉంది, ది ఫస్ట్ ఫ్రాస్ట్, 2025లో వచ్చింది, 32 ఎపిసోడ్లు. అందులో సాంగ్ యాన్‌గా హిడెన్ లవ్‌లో చేసిన నటుడు కాదు, బాయ్ జింగ్‌టింగ్ చేశాడు, మొదట్లో కాస్త కొత్తగా ఉంటుంది. హీరోయిన్ గతం చాలా బరువైనది, నవ్వుకుందామని మొదలుపెట్టకండి. కానీ ఇక్కడ జియాషు గతాన్ని హడావిడిగా వదిలేశారని బాధపడినవాళ్లకు అది తప్పకుండా నచ్చుతుంది, గాయాన్ని దాటేయకుండా దాని దగ్గరే నిలబడతారు.