వ్యాక్సా, పాలిషా? ముదురు నీలం కారు, బెజవాడ ఎండ

భవానీపురం బ్లూ:
అందరికీ నమస్తే. మాది ముదురు నీలం హ్యాచ్‌బ్యాక్, 2019 మోడల్. ఇల్లు భవానీపురం, ఆఫీసు ఆటోనగర్ వైపు, రెండు చోట్లా పార్కింగ్ ఎండలోనే. దూరం నుంచి చూస్తే కారు బాగానే ఉంటుంది గానీ, రాత్రి పెట్రోల్ బంకు లైట్ల కింద ఆపితే బానెట్ మీద సాలెగూడు అల్లినట్టు గుండ్రంగా సన్న గీతలు, టాప్ మీద తెల్లగా నీటి చుక్కల మరకలు. సర్వీసుకి ఇచ్చిన ప్రతిసారీ "పాలిష్ కూడా చేయించేయండి సార్" అంటారు. కిందటిసారి చేయించాను కూడా, ఓ నెల మెరిసింది, వానలు పడ్డాక మళ్ళీ అదే కథ. మా బావమరిదేమో పాలిష్ పెడితే పెయింట్ పోతుంది, వ్యాక్స్ ఒక్కటి రుద్దుకో చాలంటాడు. షాపుకెళ్తే ఒక డబ్బా మీద పాలిష్ అని, ఇంకో దాని మీద వ్యాక్స్ అని, మూడో దాని మీద రెండూ కలిపి రాసుంది. ఏది కొనాలి? ఇంట్లో చేత్తో అయ్యే పనేనా? సిరామిక్ కోటింగ్‌కి బడ్జెట్ లేదు, దాని గురించి మాత్రం చెప్పకండి ప్లీజ్.

ఆటోనగర్ డిటైలర్:
మీ బావమరిది మాట సగం కరెక్టే బ్రదర్. పాలిష్‌లో సన్నటి రాపిడి పొడి ఉంటుంది. రంగు మీద ఉండే పారదర్శక పొరని, అంటే క్లియర్ కోట్‌ని, అది కొంచెం కొంచెంగా అరగదీస్తుంది, గీత అడుగు దాకా చుట్టుపక్కల మట్టం దిగిపోతే ఇక అక్కడ గీత కనిపించదు. వ్యాక్స్ దేన్నీ తీయదు, పైన పల్చగా ఒక పొర వేస్తుంది, వాన నీళ్ళైనా పిట్ట రెట్టలైనా ముందు దాన్ని తిన్నాకే పెయింట్ జోలికి వస్తాయి. కాబట్టి ఉన్న గీతలు వ్యాక్స్‌తో పోవు, పాలిష్ చేసి ఉత్తగా వదిలేస్తే పైన కాపలా ఏమీ ఉండదు. మీకు రెండూ కావాలి, ముందు పాలిష్, ఆ తర్వాత వ్యాక్స్. కాకపోతే పాలిష్ ఒక్కసారే, సరిగ్గా.

ఒక్కసారే అని ఎందుకంటున్నానంటే, ఫ్యాక్టరీ పెయింట్‌లో క్లియర్ కోట్ మామూలుగా 40-50 మైక్రాన్లు ఉంటుంది, అంటే తల వెంట్రుకంత మందం కూడా లేదు. ఎండలోని అల్ట్రావయొలెట్‌ని అడ్డుకునేది ప్రధానంగా ఆ పొరే. సన్న పాలిష్ ఒక విడతకి ఒకటి రెండు మైక్రాన్లు తీస్తుంది, అదే రబ్బింగ్ కాంపౌండ్ (ముతక రాపిడి పేస్టు) పెట్టి, ప్యాడ్ గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ మిషన్‌తో గట్టిగా తిప్పితే ఇంకా ఎక్కువ పోతుంది, డోరు అంచులు, బానెట్ మడతల దగ్గరైతే చెప్పక్కర్లేదు, అక్కడ పెయింట్ మొదట్నుంచీ పల్చనే. సర్వీసు సర్వీసుకీ చేయిస్తూ పోతే కొన్నేళ్ళకి టాప్ మీద క్లియర్ కోట్ పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. ఆ స్టేజీలో ఏ డబ్బా తెచ్చినా దండగే, రీపెయింట్ తప్ప దారి లేదు.

నెల మెరిసి పోయిందన్నారు చూడండి, బహుశా అది పాలిష్ కూడా కాదు. నూనెలు, ఫిల్లర్లు ఉండే గ్లేజ్ లాంటిది రుద్దితే గీతలు నిండిపోయి కారు కొత్తదానిలా కనిపిస్తుంది, నాలుగు షాంపూ వాష్‌లు పడగానే గీతలన్నీ మళ్ళీ బయటికొస్తాయి. ఈసారి ఎక్కడ చేయించినా ఏ కాంపౌండ్ వాడుతున్నారు, మిషన్ రోటరీయా డ్యూయల్ యాక్షనా అని అడగండి. డ్యూయల్ యాక్షన్ అయితే ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది, రాపిడి వేడికి పెయింట్ కాలే ప్రమాదం బాగా తక్కువ.

బ్రాడీపేట 4/14:
డిటైలర్ గారు చెప్పినదంతా బాగుంది, కానీ ఆ గీతలు ఎలా పడ్డాయో ఎవరూ అడగలేదేం? పొద్దున్నే కారు ఎవరు తుడుస్తారండీ మీకు? మా గుంటూరు అపార్ట్‌మెంట్‌లో ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో వరసగా అన్ని కార్లూ తుడిచేస్తారు, మూడో కారుకి వచ్చేసరికి ఆ నీళ్ళ రంగు చూస్తే తెలుస్తుంది. పైగా మీరుండేది ఇబ్రహీంపట్నం వెళ్ళే దారిలో. అక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద మీ వైపు ఎగిరొచ్చి పడుతుందనుకుంటే, అందులో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినానే. దుమ్ము ఉండగా పొడి గుడ్డతో రుద్దడం అంటే మీరే చేత్తో రోజూ రాపిడి పెట్టుకుంటున్నట్టు. ఆ అలవాటు మార్చకుండా పాలిష్ చేయిస్తే రెండు నెలల్లో మళ్ళీ ఇక్కడికే వచ్చి ఇదే ప్రశ్న అడుగుతారు.

నేను చేసేది ఇది: ముందు పైపుతో నీళ్ళు కొట్టి దుమ్ము వదిలించేస్తాను, అప్పటిదాకా గుడ్డ తగలనివ్వను. రెండు బకెట్లు పెట్టుకుంటాను, ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, రెండోది గుడ్డ జాడించుకోవడానికి ఉత్త నీళ్ళు. పై నుంచి కిందికి, చక్రాల దగ్గర చివర్లో, వాటికి వేరే గుడ్డ. రోజూ తుడవను. దుమ్ము ఉన్నా పర్లేదు, ఊరికే ఉంటే అది గీతలు పెట్టదు.

ఆ తెల్ల మరకలు బోరు నీళ్ళవి. కడిగి ఎండలో వదిలేస్తే నీరు ఆవిరై ఉప్పు అక్కడే మిగిలిపోతుంది. తెల్ల వెనిగర్, మంచినీళ్ళు సగం సగం కలిపి నీడలో మెత్తటి గుడ్డతో అద్ది, నిమిషం ఆగి కడిగేయండి. కొత్త మరకలైతే పోతాయి, పెయింట్‌లోకి దిగిపోయినవి పోవు, వాటికి పాలిషే.

టాక్సీ స్టాండ్:
ఇంత అవసరమా అన్నా. మేం డీజిల్‌లో ముంచిన గుడ్డతో ఓ తిప్పు తిప్పుతాం, నిగనిగలాడిపోద్ది. పదేళ్ళ నుంచి ఇదే. వ్యాక్స్ డబ్బా డబ్బులతో రెండు వాటర్ వాష్‌లు కొట్టించొచ్చు.

ఆటోనగర్ డిటైలర్:
అన్నా, మీ బండి తెల్లది అయ్యుంటుంది. తెలుపు మీద గీతలు కనపడవు కాబట్టి సరిపోయింది. డీజిల్ తడి ఆరకుండా జిడ్డుగా ఉంటుంది, బెంజ్ సర్కిల్ దాటేలోపే దుమ్మంతా అతుక్కుంటుంది, దాన్ని మళ్ళీ గుడ్డతో తుడుస్తారు, అక్కడ పడతాయి గీతలు. అద్దాల రబ్బరు బీడింగ్‌కి కూడా డీజిల్ మంచిది కాదు, ఉబ్బి మెత్తబడిపోతుంది. మెరిసేది నూనె, పెయింట్ కాదు.

టాక్సీ స్టాండ్:
తెల్లదే. ఎలా కనిపెట్టావ్ 😀

భవానీపురం బ్లూ:
అందరికీ థ్యాంక్స్. తుడిచేది వాచ్‌మన్ గారే, ఇంట్లో చెప్పి రేపట్నుంచి మాన్పిస్తాను. ఇంకో మూడు డౌట్లు. ఒకటి, కుడి వైపు ముందు డోరు రెండు వారాల క్రితం రీపెయింట్ అయింది, దాని మీద కూడా వ్యాక్స్ వేయొచ్చా? రెండు, కొన్నప్పుడు దుర్గమ్మ గుడి దగ్గర వాహన పూజ చేయించాం, బానెట్ మీద స్వస్తిక్ వేసి బొట్లు పెట్టారు, చాన్నాళ్ళు అలాగే ఉంచేశాం, పసుపు పోయింది గానీ కుంకుమ గుర్తు గులాబీ రంగులో ఇంకా ఉంది. మూడు, ఈ ఎండల్లో వ్యాక్స్ ఎప్పుడు వేయాలి?

బ్రాడీపేట 4/14:
పసుపు ఎండకి దానంతటదే వెలిసిపోతుంది, కుంకుమ రంగే మొండిది. మాకూ ఉండేది, పాలిష్‌కి చాలావరకు పోయింది. ఈసారి ఎవరైనా కొత్త కారు కొంటే బొట్లు అద్దం మీద పెట్టించుకోండి, అమ్మవారు ఏమీ అనుకోదు.

ఆటోనగర్ డిటైలర్:
రీపెయింట్ డోరుకి కనీసం నెల, వీలైతే రెండు నెలలు ఆగండి. బయట షాపుల్లో వేసిన పెయింట్ లోపలి సాల్వెంట్ పూర్తిగా ఆవిరైపోవాలి, ముందే వ్యాక్స్‌తో మూసేస్తే అది లోపలే ఉండిపోతుంది. ఫ్యాక్టరీ పెయింట్‌కి ఈ గొడవ లేదు, దాన్ని ఓవెన్‌లో కాల్చే పంపిస్తారు.

టైమంటారా, తెల్లారి ఆరింటికి మొదలెట్టి ఎండెక్కేలోపు ముగించాలి. అరచెయ్యి బానెట్ మీద పెడితే చల్లగా తగలాలి, వేడి మీద పెడితే వ్యాక్స్ క్షణంలో ఆరి అతుక్కుపోతుంది, ఇక దాన్ని తుడవలేక ప్రాణం పోతుంది. మొదలుపెట్టే ముందు కడిగి, ఆరబెట్టి, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బానెట్ మీద మెల్లగా జరిపి చూడండి. ఇసుక మీద రాసినట్టు గరగరమంటే క్లే బార్ (అతుక్కున్న మురికిని లాగేసే మెత్తటి మట్టి ముద్ద లాంటిది) పెట్టాలి, దానికి లూబ్రికెంట్ కొడుతూ ఒకే దిశలో రుద్దాలి. తర్వాత గీతల సంగతి, గోరు అడ్డంగా గీసి చూడండి. గీతలో గోరు ఇరుక్కుంటే అది పాలిష్‌కి లొంగదు, వదిలేయండి.

చేత్తో పాలిష్ చేస్తే మరకలు, మసక తగ్గుతాయి గానీ ముదురు రంగు మీద ఆ గుండ్రటి గీతలు పూర్తిగా పోవు, చెయ్యి నొప్పే మిగులుతుంది. ఆ ఒక్కటి మిషన్ ఉన్నవాళ్ళకి ఇవ్వండి. వ్యాక్స్ మాత్రం బయట డబ్బులు దండగ, ఇంట్లోనే చేసుకోండి. కార్నూబా (ఒక రకం తాటి జాతి చెట్టు ఆకుల మైనం) పేస్ట్ వ్యాక్స్ చిన్న డబ్బా చాలు, స్పాంజి మీద గోరంత తీసుకుని కనపడీ కనపడనట్టు పూయాలి, మందంగా పూస్తే ఎక్కువ కాలం ఉంటుందనేది భ్రమ. మసకగా ఆరాక వేలితో గీస్తే శుభ్రంగా మెరుపు కనపడాలి, అప్పుడు మైక్రోఫైబర్‌తో తుడిచేయడమే. నల్ల ప్లాస్టిక్ మీద తగలనివ్వకండి, తెల్ల మరక పడితే ఓ పట్టాన పోదు. మన ఎండలకి రెండు నెలలు వస్తే గొప్ప, నీళ్ళు ముత్యాల్లా నిలవకుండా పరుచుకుపోతుంటే మళ్ళీ వేసే టైమైందన్నమాట. అంత ఓపిక లేకపోతే వ్యాక్స్ బదులు అదే పని చేసే కృత్రిమ పూత, సింథటిక్ సీలెంట్ తీసుకోండి, మెరుపు కాస్త తక్కువైనా నాలుగైదు నెలలు లాగుతుంది, ఎండలో పార్కింగ్ అంటున్నారు కాబట్టి నన్నడిగితే మీకు అదే మేలు. రెండూ కలిపిన మూడో డబ్బా జోలికి పోకండి, అందులోనూ రాపిడి ఉంటుంది, రెండు నెలలకోసారి రుద్దాల్సిన వస్తువు కాదది.

భవానీపురం బ్లూ:
సీలెంట్ ఖాయం అన్నా. పాలిష్‌కి ఆదివారం బండి తీసుకొస్తే చూస్తారా? డోరు వదిలేసి మిగతాది.

ఆటోనగర్ డిటైలర్:
ఆదివారం సెలవు. సోమవారం ఎనిమిదిన్నరకల్లా రండి, వచ్చే ముందు మాత్రం తుడిచి తీసుకురాకండి.