కమర్షియల్ లిటిగేషన్ ఫర్మ్‌లో లాయర్ల ప్రొఫైల్స్ ఎలా చదవాలి? (టెక్సస్, వెండార్ బకాయి)

నెట్60_బాధితుడు

అందరికీ నమస్కారం. డల్లాస్ దగ్గర మాకొక చిన్న ఐటీ స్టాఫింగ్ కంపెనీ ఉంది, ఎల్‌ఎల్‌సీ. ఒక మిడ్ వెండార్ (మాకూ అసలు క్లయింట్‌కూ మధ్య ఉండే కంపెనీ) ద్వారా ఇద్దరు కన్సల్టెంట్లను సీటూసీ (కంపెనీకీ కంపెనీకీ కాంట్రాక్టు) మీద ప్రాజెక్టులో పెట్టాం. టైమ్‌షీట్లన్నీ అప్రూవ్ అయ్యాయి, ఇన్‌వాయిస్‌లు వెళ్ళాయి, డబ్బు మాత్రం రాలేదు. బకాయి 1,80,000 డాలర్ల దాకా చేరింది. మొదట్లో "ఎండ్ క్లయింట్ ఇంకా ఇవ్వలేదండీ" అనేవారు. గట్టిగా అడిగేసరికి వాళ్ళ లాయర్ నుంచి లెటర్ దిగింది. మా కన్సల్టెంట్ ఒకడు నాన్-సాలిసిటేషన్ క్లాజ్ (వాళ్ళ క్లయింట్‌ని నేరుగా పట్టుకోకూడదనే షరతు) ఉల్లంఘించాడట, ఆ నష్టం మేమే కట్టాలట!

ఇప్పుడు నాకూ లాయర్ కావాలి. మన సర్కిల్‌లో ఎవర్నడిగినా హెచ్‌1బీ అటార్నీ నంబరే ఇస్తున్నారు. నేనే వెతికి మూడు కమర్షియల్ లిటిగేషన్ (వ్యాపార గొడవల కేసులు వాదించే) ఫర్మ్‌ల వెబ్‌సైట్లు ముందేసుకుని కూర్చున్నాను. అందరూ చేతులు కట్టుకుని ఒకేలా ఫోటో దిగారు. అందరూ "సంక్లిష్టమైన వ్యాపార వివాదాల్లో" దిట్టలే. ఒకాయన మాజీ ప్రాసిక్యూటర్, ఒకావిడ ఎవరో జడ్జి దగ్గర క్లర్క్‌గా చేసిందట, ఇంకొకాయన "ఆఫ్ కౌన్సెల్". ఇవన్నీ చూసి మనిషిని అంచనా వేయడం ఎలా? వీటిలో ఏది నా కేసుకు పనికొస్తుంది, ఏది గోడకు తగిలించుకునే సర్టిఫికెట్? తెలిసినవాళ్ళు చెప్పండి. రాత్రుళ్ళు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

బెంచ్_సేల్స్_మామ

తమ్ముడూ, నువ్వు పెళ్ళిసంబంధం చూసినట్టు చూస్తున్నావ్. కలెక్షన్స్ లాయర్ని పట్టుకో. వచ్చినదాంట్లో పర్సంటేజీ తీసుకుంటాడు, నీ జేబులోంచి ఏమీ పోదు. నేను ఇలాగే రెండు బకాయిలు రాబట్టా. ఆ లెటర్ ఉత్త బెదిరింపు, పట్టించుకోకు. మరీ కాదంటే జస్టిస్ కోర్టులో (చిన్న మొత్తాల కేసులు చూసే కోర్టు) నువ్వే కేసేసుకో, లాయర్ అక్కర్లేదు.

ఎగ్జిబిట్_బి

నేను లాయర్ని కాను, కాబట్టి దీన్ని లీగల్ అడ్వైస్ అనుకోవద్దు. కమర్షియల్ లిటిగేషన్ తప్ప వేరే పని ముట్టుకోని ఒక ఫర్మ్‌లో పారాలీగల్‌ని. లాయర్లు కోర్టులో ఎలా ఉంటారో క్లయింట్లు చూస్తారు. తెల్లారితే ట్రయల్ అనగా ఎగ్జిబిట్ 47 కనిపించకపోతే ఎలా ఉంటారో మేం చూస్తాం.

ముందు మామగారి మాట. జస్టిస్ కోర్టు పరిమితి 20,000 డాలర్లు, మీ బకాయి దానికి ఎన్నో రెట్లు. పైన డిస్ట్రిక్ట్ కోర్టుకి వెళ్తే ఎల్‌ఎల్‌సీ తరఫున లాయరే రావాలి, ఓనర్ వెళ్ళి నిలబడితే కుదరదు. పర్సంటేజీ మీద చేసే కలెక్షన్స్ లాయర్ మంచి దారే, కానీ ఆ లెటర్ రాకముందు. వాళ్ళు ఎదురు క్లెయిమ్ వేస్తే దాన్ని ఎదుర్కొనే పని సాధారణంగా ఆ పర్సంటేజీలోకి రాదు. కాబట్టి కమర్షియల్ లిటిగేషన్ వాళ్ళ దగ్గరికే వెళ్ళడం సరైనదని నా అభిప్రాయం.

ఇక ప్రొఫైల్స్. ఫోటో, మొదటి పేరా వదిలేయండి, అది మార్కెటింగ్ వాళ్ళ చేతిపని. కిందికి దిగి సంవత్సరాలు చూడండి. లా స్కూల్ ఎప్పుడు అయింది, ఆ తర్వాత ఎక్కడెక్కడ ఎన్నేళ్ళు చేశారు, మధ్యలో ఖాళీగా వదిలేసిన కాలం ఉందా. స్టేట్ బార్ ఆఫ్ టెక్సస్ సైట్‌లో పేరు కొడితే లైసెన్స్ తేదీ వస్తుంది, పబ్లిక్‌గా క్రమశిక్షణ చర్య ఏదైనా జరిగి ఉంటే అదీ కనిపిస్తుంది. రెండు నిమిషాల పని, ఒక్కరూ చేయరు.

జడ్జి దగ్గర క్లర్క్‌గా చేశానని రాసుకున్న ఆవిడను తేలిగ్గా తీసుకోకండి. ఫెడరల్ జడ్జి దగ్గర ఏడాదో రెండేళ్ళో చేసే ఆ ఉద్యోగానికి లా స్కూల్ టాపర్లు కొట్టుకుంటారు. రెండు పక్షాల మోషన్లూ (కోర్టుకు రాసిచ్చే అభ్యర్థనలు) చదివి జడ్జికి మెమో రాయడం, ఆర్డర్ డ్రాఫ్ట్ చేయడం అక్కడి పని. వాళ్ళు తర్వాత మోషన్ రాస్తే, జడ్జికి ఎక్కడ విసుగొస్తుందో ముందే తెలిసినట్టు రాస్తారు. మా ఆఫీసులో అలాంటావిడ ఒకరున్నారు. అందరూ ముప్ఫై పేజీలు రాసేచోట పద్నాలుగుతో ఆపేస్తారు.

మాజీ ప్రాసిక్యూటర్ అంటే జ్యూరీ ముందు కాళ్ళు వణకవు. సాక్షిని క్రాస్ చేయడం వాళ్ళకు రోజువారీ పని. అయితే మీ గొడవంతా కాగితాల్లో ఉంది: ఎంఎస్‌ఏ (రెండు కంపెనీల మధ్య మూల ఒప్పందం), పర్చేజ్ ఆర్డర్లు (పీవోలు), టైమ్‌షీట్ అప్రూవ్ చేసిన ఈమెయిల్స్. సివిల్ వైపు డిస్కవరీలో (ట్రయల్‌కి ముందు ఇరుపక్షాలూ ఆధారాలు ఇచ్చిపుచ్చుకునే దశ) నెలలు గడుస్తాయి, ప్రశ్నలు, డాక్యుమెంట్లు, డిపొజిషన్లు (ప్రమాణం చేయించి తీసుకునే వాంగ్మూలాలు). ఆ ఓపిక అందరు ప్రాసిక్యూటర్లకూ ఉండదు. ఆయన సివిల్‌లోకి వచ్చి ఎన్నేళ్ళయిందో చూడండి. పదేళ్ళయితే బేషుగ్గా వెళ్ళండి. నిన్న మొన్న వచ్చినాయన అయితే పక్కన కాంట్రాక్టులు తెలిసిన ఇంకొకరు ఉన్నారా అని అడగండి.

పెద్ద ఫర్మ్‌లో ఏడెనిమిదేళ్ళు అసోసియేట్‌గా (పార్ట్‌నర్ల కింద పనిచేసే లాయర్) చేసి చిన్న ఫర్మ్‌కి వచ్చినవాళ్ళు చాలామంది కనిపిస్తారు. డాక్యుమెంట్ల మీద పట్టు, రాతలో శుభ్రత వాళ్ళకు బాగా ఉంటాయి. లేచి నిలబడి వాదించే అవకాశం అక్కడ వచ్చిందా లేదా అన్నదే అడగాల్సింది. ఆఫ్ కౌన్సెల్ అంటే ఇదీ అని ఒక్క అర్థం లేదు. సగం రిటైరైన పాత పార్ట్‌నర్ కావచ్చు, ఒక్క విషయంలో నిపుణుడు కావచ్చు, తక్కువ గంటలు పనిచేస్తానని ఒప్పందం చేసుకున్న మనిషీ కావచ్చు. ఫోన్‌లో అడిగేయండి, ఎవరూ తప్పుగా అనుకోరు.

ఎన్ని ట్రయల్స్ చేశారు అన్న ప్రశ్న దగ్గర మాత్రం కాస్త ఆగండి. ఫెడరల్ కోర్టుల్లో 1962లో ముగిసిన సివిల్ కేసుల్లో 11.5 శాతం ట్రయల్ దాకా వెళ్ళేవి. 2002 నాటికి అది 1.8 శాతానికి పడిపోయింది. మిగతావి సెటిల్‌మెంట్‌తోనో, ట్రయల్ లేకుండానే జడ్జి ఇచ్చే సమ్మరీ జడ్జిమెంట్‌తోనో తేలిపోతాయి. అంచేత నలభై దాటిన మంచి లాయర్‌కి కూడా సొంత జ్యూరీ ట్రయల్స్ వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉండొచ్చు. ఇంజంక్షన్ (ఏదైనా ఆపమని కోర్టు ఇచ్చే ఆదేశం) హియరింగులు, ఆర్బిట్రేషన్లు (కోర్టు బయట మధ్యవర్తి ముందు తేల్చుకునేవి), డిపొజిషన్లు కూడా కలిపి అడగండి. "వందల కోట్ల కేసుల్లో క్లయింట్లకు సేవలందించారు" అని ఉంటే ఆ టీమ్‌లో పదిహేనోవాడు అయినా అది నిజమే అవుతుంది, గుర్తుంచుకోండి.

అవార్డుల బ్యాడ్జీల మీద నాకు పెద్ద గౌరవం లేదు, మా వాళ్ళు వింటే ఏమనుకుంటారో గానీ. ఒక్కటి మాత్రం వేరు: టెక్సస్ బోర్డ్ ఆఫ్ లీగల్ స్పెషలైజేషన్ ఇచ్చే సివిల్ ట్రయల్ లా సర్టిఫికేషన్. దానికి కనీసం అయిదేళ్ళ ప్రాక్టీసు, ఆ రంగంలో నిజంగా చేసిన కేసులు, తోటి లాయర్లూ జడ్జిలూ ఇచ్చే అభిప్రాయం, ఆపైన పరీక్ష. లేనంతమాత్రాన చెడ్డ లాయర్ కాదు, ఉంటే మాత్రం ఉత్తినే రాలేదని అర్థం.

ఇంకోటి, మీరు ఎవర్ని చూసి సంతకం పెడతారో వాళ్ళే పని చేస్తారనుకోవద్దు. పెద్దాయన మొదటి మీటింగ్‌కి వస్తారు, రోజూ మీ ఈమెయిల్స్‌కి జవాబిచ్చేది ఉద్యోగంలో మూడో ఏడాదిలోనో నాలుగో ఏడాదిలోనో ఉన్న అసోసియేట్. తప్పేమీ లేదు, వాళ్ళ రేటు తక్కువ కాబట్టి మీకే మంచిది. కానీ ఆ అసోసియేట్ ఎవరో, హియరింగ్‌కి ఎవరు నిలబడతారో సంతకానికి ముందే అడిగి ఆ ప్రొఫైల్ కూడా చదవండి. బిల్లు ఆరేసి నిమిషాల ముక్కల్లో పడుతుంది. "చిన్న డౌటండీ" అని రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేస్తే అన్నీ అందులో కనిపిస్తాయి.

రెండో_ఏడు_అసోసియేట్

ఎగ్జిబిట్_బి గారూ, ఆ మూడో ఏడు అసోసియేట్‌ని వచ్చే ఏడాది నేనే. 😀 పెద్దగా కాదనడానికి ఏం లేదు, అన్నకు రెండు విషయాలు కలుపుతాను.

ప్రొఫైల్‌లో చెప్పుకునేవి అన్నీ గెలిచినవే. అసలు ఏం చేశారో కోర్టు రికార్డుల్లో ఉంటుంది. ఫెడరల్ కేసులైతే పేసర్‌లో (ఫెడరల్ కోర్టు రికార్డుల వెబ్‌సైట్) లాయర్ పేరుతో వెతకొచ్చు. పేజీకి 10 సెంట్లు, ఒక డాక్యుమెంట్‌కి 3 డాలర్లు మించదు, మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే అసలు బిల్లే రాదు. ఒక కాంట్రాక్ట్ కేసులో వాళ్ళు వేసిన సమ్మరీ జడ్జిమెంట్ మోషన్ ఒకటి దించుకుని చదవండి. మీకు లా రాకపోయినా, మొదటి రెండు పేజీల్లో కథ అర్థమైందా లేదా అన్నది తెలిసిపోతుంది. అర్థం కాకపోతే జడ్జికీ అంతే.

రెండోది, మొదటి కాల్‌లో లాయర్‌కి రెండు చిన్న పరీక్షలు పెట్టండి. బకాయి 2,50,000 డాలర్ల లోపే కాబట్టి టెక్సస్ స్టేట్ కోర్టులో రూల్ 169 కింద ఎక్స్‌పెడైటెడ్ యాక్షన్‌గా నడిపే వీలుంది. డిపొజిషన్లకు ఒక్కో పార్టీకి మొత్తం ఇరవై గంటలు, ట్రయల్‌లో ఒక్కో పక్షానికి ఎనిమిది గంటలు. ఖర్చు అదుపులో ఉంటుంది. ఆ మాట లాయర్ నోటినుంచి మీరడగకుండానే రావాలి. ఇంకా ఫీజుల సంగతి. అమెరికాలో మామూలుగా గెలిచినా ఎవరి లాయర్ ఫీజు వాళ్ళదే. టెక్సస్‌లో కాంట్రాక్ట్ ఉల్లంఘన కేసు గెలిచి డబ్బు రాబడితే రాష్ట్ర సివిల్ చట్టంలోని చాప్టర్ 38 కింద తగిన ఫీజు కూడా అడగొచ్చు. ఇదివరకు ఎదుటివాళ్ళు ఎల్‌ఎల్‌సీ అయితే చిక్కు ఉండేది, 2021 సెప్టెంబర్ 1 నుంచి వేసిన కేసుల్లో ఎల్‌ఎల్‌సీలూ కిందికొస్తాయి. ముందు మీ క్లెయిమ్ వాళ్ళకు పంపి, 30 రోజుల్లో కట్టకపోతేనే ఇది వర్తిస్తుంది. ఈ క్లెయిమ్ లెటర్ ఎలా రాయాలో ఆలోచించని లాయర్ అయితే నాకు అనుమానమే.

ఇదంతా మీ కాంట్రాక్టు టెక్సస్ లా కింద ఉంటేనే. గవర్నింగ్ లా (ఏ రాష్ట్ర చట్టం), వెన్యూ (ఎక్కడి కోర్టు), ఆర్బిట్రేషన్ క్లాజులు ముందు చూడండి. న్యూజెర్సీ అని ఉంటే కథ మొత్తం మారిపోతుంది, అక్కడ లైసెన్స్ ఉన్న లాయర్ కావాల్సి రావొచ్చు.

నెట్60_బాధితుడు

ఇంత ఓపిగ్గా రాసినందుకు మీ ఇద్దరికీ, మామకి కూడా థాంక్స్. కాంట్రాక్టు చూశాను. టెక్సస్ లా, డల్లాస్ కౌంటీ. ఆర్బిట్రేషన్ లేదు. "క్లయింట్ కట్టాకే కడతాం" అనే లైను మాత్రం ఒకటుంది, అప్పట్లో అది ఎవరి కంటా పడలేదు.

ఇద్దరితో మాట్లాడాను. మాజీ ప్రాసిక్యూటర్ గారు సివిల్‌కి వచ్చి మూడేళ్ళే, మాట మాత్రం అదరగొట్టారు, "వాళ్ళని చీల్చి చెండాడదాం" అన్నారు. క్లర్క్‌గా చేసినావిడ రూల్ 169 మాట తనే ఎత్తారు. కానీ "ఆ క్లయింట్-కట్టాక క్లాజ్ ఎలా రాశారో చదవకుండా నేనేం చెప్పలేను" అని చప్పగా అనేశారు. ఆవిడ అనుభవం ఎక్కువగా బిల్డింగ్ కాంట్రాక్టర్ల పేమెంట్ గొడవల్లో, ఐటీ స్టాఫింగ్‌లో కాదు. నాకింకా ఊగిసలాటే.

ఎగ్జిబిట్_బి

నన్నడిగితే ఆవిడే. పైవాడు కట్టలేదని కిందివాడికి ఎగ్గొట్టడం బిల్డింగ్ సబ్‌కాంట్రాక్టర్లకు నిత్యం జరిగేదే, ఆ క్లాజ్ మీద కొట్లాడటం ఆవిడకు కొత్త కాదు. టైమ్‌షీట్ అంటే ఏంటో మీరు అరగంటలో నేర్పొచ్చు. ఆ క్లాజ్ మీద ఎలా వాదించాలో మీ ఖర్చుతో ఎవరికీ నేర్పక్కర్లేదు. చదవకుండా చెప్పలేను అనడం నాకైతే నచ్చింది. మొదటి కాల్‌లోనే చీల్చి చెండాడినవాళ్ళ ఇన్‌వాయిస్‌లు నేను చూస్తుంటాను.

ఇంకా ఖరారు చేసుకోకముందే చేయాల్సినవి ఉన్నాయి. ఫోన్ చేసిన ప్రతిచోటా ముందు ఎదుటి కంపెనీ పేరు చెప్పి కాన్‌ఫ్లిక్ట్ చెక్ చేయమనండి, ఆ తర్వాతే కథ చెప్పండి. వాళ్ళు ఇప్పటికే ఆ వెండార్ లాయర్లు అయితే మీ మాటలన్నీ వృథా. ఎంగేజ్‌మెంట్ లెటర్‌లో ఎదురు క్లెయిమ్ డిఫెన్స్ కూడా చేర్చారా చూడండి. రిటైనర్ (ముందుగా కట్టే ఫీజు) ట్రస్ట్ అకౌంట్‌లోకి (క్లయింట్ల డబ్బు విడిగా ఉంచే ఖాతా) వెళ్తుందా అడగండి. సెటిల్ చేసుకోవాలా వద్దా అనే నిర్ణయం లాయర్‌ది కాదు, మీదే, ఎవరు ఏ టోన్‌లో చెప్పినా.

ఆ కన్సల్టెంట్‌తో, ఆ వెండార్ మేనేజర్‌తో నడిచిన వాట్సాప్ చాట్లు ఒక్కటీ డిలీట్ చేయకండి, చూడ్డానికి బాగాలేనివి కూడా. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే వాయిదా వేయండి. డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉంటే ఇప్పుడే ఆఫ్ చేయండి.

బెంచ్_సేల్స్_మామ

సరే తమ్ముడూ, ఈ అమ్మాయి చెప్పినట్టే కానీయ్. ఆ క్లాజ్ మా కాంట్రాక్టులో కూడా ఉందేమో చూడాలి ఇప్పుడు. లాయరమ్మ రిటైనర్ ఎంత అడిగిందో ఇక్కడ పెట్టు.

నెట్60_బాధితుడు

మామా, అది మాత్రం ప్రైవేట్‌గా చెప్తా. కాన్‌ఫ్లిక్ట్ చెక్ క్లియర్ అయింది. ఎంఎస్‌ఏ, పీవోలు, ఇన్‌వాయిస్‌లు, ఆ లెటర్ అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి పంపాను. ఆవిడతో పాటు పనిచేసే అసోసియేట్ కూడా లైన్లోకి వస్తానన్నారు. పేసర్‌లో ఆ అబ్బాయి పేరు కూడా కొట్టి చూస్తున్నా.