ఈ మధ్య హాల్లో చూసిన యాక్షన్ థ్రిల్లర్లు: మీకు ఎక్కడ టెన్షన్ పుట్టింది? (స్పాయిలర్లు ఉన్నాయి)

రెండోవారం రాజు:
నేను మొదటి రోజు మనిషిని కాదు. గోల తగ్గాక రెండో వారంలో మ్యాట్నీకి పోతాను. 2025లో అలా చూసినవాటిలో మూడు బాగా గుర్తున్నాయి. మే 1న వచ్చిన హిట్ 3, అదే నెల 17న వచ్చిన మిషన్ ఇంపాసిబుల్ ఫైనల్ రెకనింగ్, సెప్టెంబరు 25న వచ్చిన పవన్ కల్యాణ్ ఓజీ.

హిట్ 3లో నానిని అంత కరుకుగా చూడటం నాకు నచ్చింది. అతను వేసిన పోలీసు అర్జున్ సర్కార్ హంతకుల ముఠాలో ఒకడిగా అరుణాచల్ చేరాక, గుట్టు ఎప్పుడు బయటపడుతుందోనని చేతిలో పాప్‌కార్న్ చేతిలోనే ఉండిపోయింది. బయటపడ్డాక మాత్రం తీరిగ్గా తిన్నాను. ఎంతమంది వచ్చినా నరికేస్తాడని తెలిసిపోయింది కదా! 2020లో విశ్వక్ సేన్‌తో వచ్చిన మొదటి హిట్‌లో ఇంత నరుకుడు లేదు. అయినా అందులో కనిపించకుండా పోయిన అమ్మాయి ఏమైపోయిందన్న ప్రశ్న చివరిదాకా పీకుతూనే ఉంటుంది.

మిషన్ ఇంపాసిబుల్ మొదటి గంట కబుర్లే. పాత భాగాల్లో ఏం జరిగిందో చెప్పుకుంటూ కూర్చుంటారు. పక్కాయన నిద్రపోయాడు కూడా. కానీ మునిగిపోయిన సబ్‌మెరీన్ లోపలికి టామ్ క్రూజ్ దిగిన ఘట్టం ఉంది చూడండి, మాటలు దాదాపు లేవు. ఆ ఇనుప గొట్టం మెల్లగా దొర్లుతుంటే టార్పెడోలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. శత్రువంటూ ఎవరూ లేరు. హాల్లో ఎవరి ఫోనూ వెలగలేదు. ఆ ఏడాది నాకు అసలైన టెన్షన్ అక్కడే.

క్రాస్‌రోడ్స్ కుర్రాడు:
అన్నా, ఓజీ పేరు రాసి ఊరుకున్నావేంటి? తప్పించుకుంటున్నావా?

నేను 24 రాత్రి ప్రీమియర్‌కే పోయా. టికెట్ 800. మొదటి అరగంట ఒక్క డైలాగ్ వినపడితే ఒట్టు. కాగితాలు, ఈలలు, తమన్ మ్యూజిక్ కొట్టుడు. హీరో కటానా (జపాన్ కత్తి) బయటికొచ్చినప్పుడు నా ముందు వరసంతా లేచి నిలబడింది, నేను కుర్చీ ఎక్కి చూశా. గొంతు రెండు రోజులు పనిచేయలేదు. 800కి గిట్టుబాటు అయినట్టే.

అసలు సంగతి తర్వాత. రెండో వారం మా నాన్నను తీసుకుని మళ్ళీ వెళ్ళా. ఈసారి హాలు నిశ్శబ్దం. ఇంటర్వెల్‌లో సమోసా తింటూ, "ఆ ఇమ్రాన్ హష్మీ బొంబాయికి దేనికొచ్చాడ్రా?" అని అడిగాడు. రెండోసారి చూస్తున్న నేను వెంటనే చెప్పలేకపోయా! దీని దర్శకుడు సుజీత్ సాహో తీసినప్పుడూ ఇదే గొడవ. పేర్లు ఎక్కువ, ఎవడు ఎవడి మనిషో గుర్తుపెట్టుకునేసరికి తల వాచిపోతుంది. అయినా నాకు ఓజీ ఇష్టమే. దాన్ని థ్రిల్లర్ అనను, పండగ అంటాను.

ఇందు, గుంటూరు:
మీ గొడవ మీది, నా కష్టం వినండి. మే సెలవుల్లో మా వాడికి (పదకొండేళ్ళు) నాని అంటే ప్రాణమని హిట్ 3కి ఆన్‌లైన్‌లో మూడు టికెట్లు తీశాను. కింద చిన్న అక్షరాల్లో ఏదో అడిగితే సరే అని నొక్కేశాను. గేటు దగ్గర బాబు వయసెంతమ్మా అన్నారు. 'ఏ' (A, పెద్దలకు మాత్రమే) సర్టిఫికెట్ సినిమాకి తల్లిదండ్రులు వెంట ఉన్నా పద్దెనిమిది నిండనివాళ్ళను పంపరట. డబ్బులు వెనక్కి ఇవ్వలేదు. మా వారు ఒక్కరే చూసొచ్చారు, నేనూ బాబూ కింద ఐస్‌క్రీమ్ తిన్నాం.

ఆయన బయటికొచ్చాక మొహం చూసి, పోనీలే మంచిదే అయింది అనుకున్నాను. అయితే అదే హాల్లో చంకన పాపను వేసుకుని లోపల కూర్చున్నవాళ్ళు కూడా ఉన్నారట. అడిగేదేదో అందరినీ అడగాలి కదండీ.

ఇంకొకటి. ఇప్పుడు 'యూఏ' (UA) సర్టిఫికెట్‌లో కూడా 7+, 13+, 16+ అని మూడు రకాలున్నాయి. అవి మనకు సలహా మాత్రమే, పంపాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టం. 'ఏ' అని ఉంటే మాత్రం అలా కుదరదు. బుక్ చేసే ముందు ఆ ఒక్క అక్షరం చూసుకోండి, నాలా కాకుండా.

క్యాబిన్ మామ:
ఇరవై రెండేళ్ళు సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేసి మానేశాను. మీరంతా కథ గురించి మాట్లాడుతున్నారు, నేను తెర మీద బొమ్మ గురించి చెబుతా.

ఈ యాక్షన్ సినిమాలన్నీ రాత్రిళ్ళలో, పొగలో, వానలో తీస్తున్నారు. హిట్ 3 నేను మా ఊరి హాల్లో చూస్తే సగం ఫైట్లలో ఎవరు ఎవర్ని కొడుతున్నారో అంతుపట్టలేదు. కెమెరామన్‌ని తిట్టుకుని వచ్చాను. తర్వాత మా అల్లుడు హైదరాబాద్‌లో లేజర్ ప్రొజెక్టర్ ఉన్న హాల్లో చూపించాడు. అన్నీ స్పష్టంగా కనపడ్డాయి! మామూలు ప్రొజెక్టర్లో ఉండే జెనాన్ దీపం గంటలు గడిచేకొద్దీ మసకబారుతుంది. మార్చాలంటే ఖర్చు, అందుకని లాగుతారు. పగటి సీన్లలో తేడా తెలీదు, చీకటి సీన్లలో దొరికిపోతుంది. త్రీడీ కోసం వేసిన వెండి తెర అయితే మధ్యలో వెలుగు, అంచుల్లో నలుపు. అలాంటి చోట మధ్య వరసలో మధ్య సీటు తీసుకోండి, కొంత నయం.

సౌండ్ కూడా అంతే. స్పీకర్లు పాడవుతాయని తగ్గించి పెడతారు. ఓజీ లాంటి సినిమాకి అది తగ్గితే ఇంకేం మిగులుద్ది?

పుణె ప్యాసింజర్:
మామా, మీ మాట నిజం. కానీ చిన్న తెర మీద చూసినా నన్ను వదలని సినిమా కిల్. 2024 జులైలో ఇక్కడ చూశాను, హిందీ. గంటా నలభై ఐదు నిమిషాలే. ఢిల్లీ వెళ్ళే రైల్లో ఒక కమాండో, దొంగల గుంపు. సినిమా పేరు తెర మీద పడేసరికి దాదాపు సగం సినిమా అయిపోతుంది. అప్పటిదాకా హీరో కొడతాడంతే, చంపడు. ఆ తర్వాత మనిషి మారిపోతాడు.

నాకు పట్టుకున్నది ఏంటంటే ఆ దొంగలంతా ఒకే కుటుంబం. ఒకడు చస్తే పక్క పెట్టెలో వాడి బాబాయో అన్నో కూలబడి ఏడుస్తుంటారు. మన సినిమాల్లో విలన్ మనుషులు పడితే లేచి ఈల వేస్తాం. ఇక్కడ వేయబోయిన చెయ్యి నోటి దగ్గరే ఆగింది. రక్తం హిట్ 3 కన్నా తక్కువేం కాదు, మరి ఇది ఎందుకు గుచ్చుకుంది? రాజు గారూ, దీనికి మీ సమాధానం కావాలి.

అలాగే 2019 దీపావళికి వచ్చిన కార్తి ఖైదీ. పాటల్లేవు, హీరోయిన్ లేదు. లారీ వెనక స్పృహలేని పోలీసులు, ఎక్కడో ఎదురుచూస్తున్న కూతురు.

రెండోవారం రాజు:
ప్యాసింజర్ గారూ, కిల్ నేను హాల్లో వదిలేసుకున్నాను, ఫోన్‌లో చూశాను, సిగ్గుపడుతున్నాను. ఖైదీ మాత్రం రెండుసార్లు చూశా. లారీ ఆగితే వెనక వాళ్ళు పోతారు, కార్తి పోతే కూతురు తండ్రిని చూడకుండానే ఉండిపోతుంది. ఆ లెక్క మొదట్లోనే మన చేతిలో పెట్టేశారు. మీరు చెప్పిన ఏడుపు కూడా ఆ కోవలోదే అనుకుంటా, చచ్చినవాడికీ ఎవరో ఒకరున్నారు. హిట్ 3 రెండో సగంలో నరికించుకునేవాళ్ళకు పేర్లు కూడా లేవు.

కుర్రాడా, ఓజీ సంగతి. తప్పించుకోలేదు. ఖాళీ హాల్లో చూసి నాకు నచ్చలేదని రాయబోయి ఆగాను, ఎందుకంటే నువ్వు చూసిన సినిమా నేను చూడలేదు. నాకు నీ ముందు వరస లేదు.

క్యాబిన్ మామ:
అయితే ఇద్దరూ కలిసి సూళ్ళూరుపేట పొండి. అక్కడి వి ఎపిక్ హాలు తెర వెడల్పు 106 అడుగులు, 2019లో మొదలెట్టిందే సాహోతో. మద్రాసు నుంచి కూడా వస్తుంటారు. నెల్లూరు నుంచి ఆదివారం మా అల్లుడి కారు బయల్దేరుతుంది, వెనక సీటు ఖాళీ.

క్రాస్‌రోడ్స్ కుర్రాడు:
నాకు ఒకటి ఆపు మామా. మా నాన్న కూడా వస్తాడేమో అడిగి చెప్తా.