మా నాయన కాలికి బైపాసా, స్టెంటా?

కందుకూరు నుంచి అడుగుతున్నా. నాయనకి షుగరు, పైగా చుట్టలు. నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేస్తోంది, ఇప్పుడు బొటనవేలి కొస నల్లబడింది. మోకాలి కింద రక్తనాళం మూసుకుపోయింది, తొడలో సిర తీసి, అడ్డు పక్కగా రక్తానికి కొత్త దారి వేసే బైపాస్ చేయాలంటున్నారు. నాళాన్ని తెరిచి ఉంచే స్టెంట్ గొట్టంతో సరిపోదా?

జవాబు: అడ్డు చిన్నదైతే బెలూన్‌తో తెరుస్తారు అబ్బాయా. పొడుగ్గా పూడిపోతే, పనికొచ్చే సిర ఉంటే, బైపాసే ఎక్కువ కాలం నిలుస్తుంది, మోకాలి కిందికి కృత్రిమ గొట్టం కంటే సొంత సిరే మేలు. వేలు నల్లబడ్డాక వాయిదాలొద్దు.

జవాబు: చీలమండ బీపీని చేతి బీపీతో భాగించి చూశారా? 0.9 లోపు వస్తే అడ్డున్నట్టే, కానీ షుగరోళ్లకి నాళాలు గట్టిపడి అంకె బాగానే కనిపించొచ్చు, దాన్నే నమ్ముకోకండి. అనుమానముంటే యాంజియో (రక్తనాళాల ఫొటోలు) సీడీ తీసుకుని నెల్లూరులో ఇంకో వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్‌కి వెంటనే చూపించండి.

జవాబు: మా మామకి ఇదే ఆపరేషన్. సిర తీసిన కోత మానడానికే ఎక్కువ టైం పట్టింది, కాలు కొన్నాళ్లు వాచింది కూడా. వేలు పోయింది, పాదం దక్కింది, ఇప్పుడు సింగరాయకొండ స్టేషన్ దాకా నడిచే పోతాడు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ బిళ్ల మాత్రం ఆపలేదు. చుట్ట మానకపోతే కొత్త దారీ పూడుతుంది, ముందు అది లాక్కోండి. డబ్బు కట్టేముందు ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం చూసే ఆరోగ్యమిత్రని అడగండి.