స్టేజ్ మీద ఓకే, క్లాసులో మాత్రం చుక్కలు కనిపిస్తున్నాయి. మ్యూజిక్ టీచర్ అవ్వగలనా?

తాళంతప్పినోడు:
మ్యూజిక్ ఎడ్యుకేషన్ మూడో సంవత్సరం, వోకల్. స్టేజ్ మీద గంట పాడమన్నా బెరుకు లేదు నాకు. పోయినవారం టీచింగ్ ప్రాక్టీస్ అని మూడో తరగతికి పంపారు, ముప్పై మంది పిల్లలు, ఇరవై నిమిషాల్లో నన్ను నమిలి పడేశారు. నేను పాడి చూపించి ఇప్పుడు మీరు పాడండ్రా అంటే సగం మంది పక్కోడి బ్యాగ్‌లో చెయ్యి పెడుతున్నారు, మిగతా సగం గొంతు కిందకి దించేసి కప్పల్లాగా గురగురమని. లెసన్ ప్లాన్‌లో ఎనిమిది ఐటమ్స్ రాసుకుంటే అయింది ఒకటిన్నర. ఇక కీబోర్డ్ మీద పడాలా, సాధన పెంచాలా, అసలు నాకిది సెట్ అవదా?

పంచమం:
తమ్ముడూ, ఆ గురగుర వాళ్ళ తప్పు కాదు, నీ గొంతుది. మగ గొంతు పిల్లల కంటే ఒక స్థాయి కింద ఉంటుంది కదా, వాళ్ళు నిన్నే కాపీ కొట్టాలని కిందకి దిగుతారు, అక్కడ వాళ్ళకి స్వరమే ఉండదు. ఆ వయసుకి కీబోర్డ్ మీద నడిమి సి పక్కన డి నుంచి పైన ఏ దాకా హాయిగా పలుకుతుంది, అక్కడ పెట్టు. నువ్వు దొంగ గొంతుతో (సన్నగా మార్చిన గొంతు) పైన పాడు, సిగ్గేస్తే బాగా పాడే పిల్ల ఎవరైనా ఉంటే ఆ పిల్లతో పాడించు. ఇంకోటి, వాళ్ళు పాడుతుంటే నువ్వు పాడకు. పాడుతూ ఉంటే నీ గొంతే వినిపిస్తుంది, ఎవడు తప్పాడో తెలీదు. నాకిది అర్థమవడానికి రెండేళ్ళు పట్టింది.

ఎడమచేయి:
కీబోర్డ్ నేర్చుకో బ్రో కానీ కచేరీ లెవెల్ అక్కర్లేదు. నాలుగైదు కార్డ్స్ (రెండు మూడు స్వరాలు కలిపి నొక్కేవి), అవీ చేతుల వైపు చూడకుండా. నువ్వు కిందకి చూసిన క్షణంలోనే బ్యాగ్‌లోకి చేతులు పోతాయి 😀

సోమీసోమీ:
కొడాయ్ పద్ధతి, అదే హంగేరీ సంగీతకారుడు కొడాయ్ పేరు మీదున్న పిల్లలకి పాట నేర్పే పద్ధతి, సిలబస్‌లో చదివే ఉంటావు, పరీక్షకి బట్టీ కొట్టి వదిలేస్తాం అందరం. ముందు రెండే స్వరాలు, సో-మి, మన లెక్కలో ప-గ (అంతర గాంధారం). పిల్లలు ఆటలో ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకునేది దాదాపు ఆ వరసలోనే, విని చూడు. ఒక్కో స్వరానికి ఒక్కటిగా చేతి గుర్తులు కూడా వాడు, అవి కొడాయ్ కనిపెట్టినవి కావులే, 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో జాన్ కర్వెన్ వాడినవి ఆయన తీసుకున్నాడు. చేతులకి పని దొరికితే బ్యాగుల గోల సగం తగ్గుద్ది. ఎనిమిది ఐటమ్స్ ప్లాన్ మాత్రం చింపెయ్, మూడు చాలు.

తాళంతప్పినోడు:
నిన్న మళ్ళీ వెళ్ళా. హాజరే ప-గ లో పిలిచా, ఒక్కొక్కళ్ళు అదే వరసలో "ఉన్నా" అన్నారు, నవ్వులే నవ్వులు, కానీ పాడారు! పంచమం అక్కా, నోరు మూసుకోవడం మాత్రం మహా కష్టంగా ఉంది. మూసుకుంటేనే తెలిసింది, నాలుగో వరసలో ఒకడు ఇంకా కప్పే. ఎంత పైన పాడినా వాడు కిందే, వాడినేం చెయ్యాలి?

పంచమం:
వాణ్ణి నీ శృతికి లాగకు, నువ్వే వాడి దగ్గరికి వెళ్ళు. వాడేది పలికితే అదే నువ్వూ పలుకు, రెండు గొంతులూ కలిశాయని వాడికి తెలియాలి, చాలామందికి ఆ కలిసిన ఫీలింగే ఎప్పుడూ తగిలి ఉండదు. అది తగిలాక ఊఁఁ అని సైరన్ లాగా కింద నుంచి పైకి జారమను, తర్వాత ఒక్కో స్వరం పైకి. అందరి ముందు మాత్రం చెయ్యకు.

తాళంతప్పినోడు:
సరే అక్కా, గురువారం ఇంటర్వెల్‌లో పట్టుకుంటా వాణ్ణి.